వేడి తెలియని పాదానికి మాక్సా పెట్టకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 61 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. మోకాళ్ల నొప్పులకి, అరికాళ్ల మంటలకి టౌన్లో ఒకాయన దగ్గర ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) చేయిస్తున్నాం. ఎనిమిది సిట్టింగులు అయ్యాయి. మోకాళ్లు కాస్త తేలికపడ్డాయంటున్నారు. మంటలకి మాక్సా కడ్డీలు (నిప్పు అంటించి వెచ్చబెట్టే ఆకు కడ్డీలు) ఆన్‌లైన్లో తెప్పించి రోజూ రాత్రి ఇంట్లోనే అరికాళ్లకి పెడుతున్నాను. వేడి పెద్దగా తెలియట్లేదంటే కొంచెం దగ్గరగా పెడుతున్నాను. మొన్నటి నుంచి బొటనవేలి కింద చిన్న బొబ్బ కనిపిస్తోంది. నొప్పేమీ లేదు. ఈ ఆక్యుపంక్చర్‌ని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) గుర్తించిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజంగా పరిశోధనలు జరిగాయా? ఇంకా ఎన్ని సిట్టింగులు చేయించాలి? మంటలకి వేసుకునే గాబాపెంటిన్ మానేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, పరిశోధనల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ బొబ్బ సంగతి చూడండి. ఈ పేజీ చదివిన రోజే నాన్నగారిని సర్జన్‌కి చూపించండి, ఆలస్యమైతే మర్నాటి ఉదయం దాటనివ్వకండి. రాజోలులో వీలు కాకపోతే అమలాపురం, అక్కడా కుదరకపోతే కాకినాడ. ఆదివారం అనో, వరికోతలు అనో, చెరువు పట్టుబడి ఉందనో వాయిదా వేయకండి.

నొప్పి లేదని మీరు ధైర్యంగా రాశారు. నాకు భయం వేసింది ఆ మాటకే. పద్నాలుగేళ్ల షుగర్, అరికాళ్లలో మంటలు, నిప్పు దగ్గర పెట్టినా వేడి తెలియకపోవడం, కాలిన బొబ్బకి నొప్పి లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే పాదాల నరాలు బాగా దెబ్బతిన్నాయని అనుకోవాలి. మంట పుట్టేదీ ఆ నరాల వల్లే, స్పర్శ పోయేదీ ఆ నరాల వల్లే. రెండూ ఒకే పాదంలో ఉంటాయి. మంటలున్నాయి కాబట్టి స్పర్శ బాగానే ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మాక్సా అంటే మనం వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రి జాతి ఆకుని ఎండబెట్టి, నూరి, దూదిలా చేసి చుట్టిన కడ్డీ. దాని కొసన నిప్పు వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. పద్ధతి ప్రకారం చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎడంగా పట్టుకుని, ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు వెచ్చబెడతారు. ఎంత దగ్గరగా పెట్టాలన్నది రోగి నోటి మాటని బట్టే తెలుసుకుంటారు. ‘వెచ్చగా ఉంది’ అంటే అక్కడే ఉంచుతారు, ‘చురుక్కుమంది’ అంటే వెనక్కి తీస్తారు. నాన్నగారి పాదానికి ఆ చురుక్కుమనే గుణమే పోయింది. ఆయన తెలియట్లేదన్నప్పుడల్లా మీరు దగ్గరికి జరిపారు. అక్కడే చర్మం కాలింది. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, ప్రేమతోనే చేశారు. కానీ ఇవాళ్టి నుంచి ఆ కడ్డీలు ఇంట్లో వెలగకూడదు.

చర్మం కాలడానికి పెద్ద మంట అక్కర్లేదు. 44 డిగ్రీల వేడి గంటల తరబడి తగిలినా కాలుతుంది, 60 డిగ్రీలైతే కొద్ది సెకన్లు చాలు. మామూలు మనిషి ఈలోపే కాలు లాగేసుకుంటాడు. స్పర్శ పోయినవాళ్లు లాగరు. బాగా నేర్చినవాళ్లయితే స్పర్శ తక్కువున్న చోట, పిల్లలకి పెట్టేటప్పుడు, తమ రెండు వేళ్లు ఆ చోటుకి అటూ ఇటూ ఆనించి వేడిని తామే కొలుచుకుంటారు. అంత జాగ్రత్త తీసుకునేవాళ్లు చేస్తామన్నా సరే, షుగర్ వల్ల మొద్దుబారిన పాదానికి మాక్సా వద్దనే నా సలహా.

మాక్సా ఒక్కటే కాదు. మన గోదావరి జిల్లాల్లో కాళ్లు మంటలంటే బకెట్లో వేడినీళ్లు పోసి, ఉప్పు వేసి, అరగంట కాళ్లు పెట్టి కూర్చోవడం అలవాటు. ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టడం, ఇసుక మూట కాపడం, ఈమధ్య కరెంటు హీటింగ్ ప్యాడ్. ఎండాకాలం మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద వట్టికాళ్లతో గుడికి వెళ్లడమూ అంతే. షుగర్ ఉండి అరికాలు మొద్దుబారినవాళ్లకి ఇవన్నీ కాలిన గాయాలు తెచ్చిపెట్టేవే. స్నానం నీళ్లు కూడా మోచేత్తో చూసుకోవాలి, కాలితో కాదు. ఇంకా మంచిది, ఇంట్లో వేరేవాళ్లు చూడటం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు బొబ్బని చిదమకండి, సూదితో గుచ్చకండి. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పొడి స్టెరైల్ గాజ్ గుడ్డ పెట్టి వదులుగా కట్టు కట్టండి. వెన్న, పసుపు, కొబ్బరినూనె, టూత్‌పేస్ట్, ఆకు పసర్లు ఏవీ రాయకండి. బొటనవేలి కింద అంటే నడిచినప్పుడల్లా బరువు పడే చోటు. కాబట్టి నడక బాగా తగ్గించాలి, ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి, పొలం గట్టు, చేపల చెరువు గట్టు దిక్కుకి పోనివ్వకండి. ఆ బురద నీళ్లు గాయానికి మంచివి కావు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకుని నాలుగు మాత్రలు వేసి ఆపేయడం మాత్రం వద్దే వద్దు. పైకి మానినట్టు కనిపిస్తూ లోపల చీము పట్టే గాయాలు అలాగే ముదురుతాయి.

బొబ్బ చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటి పాకినా, పాదం వాచినా, రంగు నల్లబడినా, వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా, షుగర్ ఉన్నట్టుండి 300 దాటినా ఓపీ కోసం చూడకండి, క్యాజువాలిటీకి వెళ్లండి. ఇన్నాళ్లూ నొప్పి లేని పాదంలో కొత్తగా నొప్పి మొదలైతే అదీ అత్యవసరమే.

అక్కడ ఏం చూడమని అడగాలో కూడా చెబుతాను. పాదం మీదా, చీలమండ లోపలివైపూ నాడి కొట్టుకుంటోందా లేదా. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ దారంతో స్పర్శ పరీక్ష, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో కంపన పరీక్ష. లోతుగా ఉందనిపిస్తే ఎక్స్‌రే. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో గుర్తుంటే చెప్పండి. రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), దాంతోపాటు విటమిన్ బీ12. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు. అది తగ్గినా అచ్చం ఇవే మంటలు, ఇవే తిమ్మిర్లు వస్తాయి. అదే కారణమైతే సరిచేసుకోవచ్చు. అలాగని ఎవరో చెప్పారని మెట్‌ఫార్మిన్ ఆపకండి.

ఇక పరిశోధనలు. జరిగాయి, బాగానే జరిగాయి. మోకాళ్ల నొప్పి మీద జర్మనీలో చేసిన పెద్ద అధ్యయనం 2006లో వచ్చింది. వెయ్యి మందికి పైగా రోగులు, ఆరు వారాల్లో పది సిట్టింగులు. ఒక గుంపుకి చైనా పద్ధతిలో గుచ్చాలని చెప్పే చోట్లలో (పాయింట్లలో) సూదులు, ఇంకో గుంపుకి పాయింట్లు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకి డాక్టర్ సంప్రదింపులు, మందులు. మూడు గుంపులకీ ఫిజియోథెరపీ ఉంది. ఆరు నెలలకి చూస్తే మెరుగైనవాళ్లు వరుసగా 53.1 శాతం, 51 శాతం, 29.1 శాతం. అంటే సూది గుచ్చినవాళ్లు మందులవాళ్ల కంటే స్పష్టంగా బాగున్నారు. కానీ సరైన పాయింట్‌కీ, ఏదో ఒక చోటుకీ తేడా దాదాపు లేదు. నడుంనొప్పి మీద 2007లో వచ్చిన జర్మన్ అధ్యయనంలోనూ ఇదే తీరు, 47.6, 44.2, 27.4.

దీన్ని రెండు రకాలుగా చదువుతారు. సూది ఎక్కడ గుచ్చినా శరీరం కొంత స్పందిస్తుందని కొందరు. ఆరు వారాల పాటు ఒకరు శ్రద్ధగా చూడటం, తగ్గుతుందన్న నమ్మకం, వీటి ఫలితమే అది అని కొందరు. 39 అధ్యయనాల్లోని 20,827 మంది రోగుల వివరాలు ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణలో ఉత్తుత్తి సూదుల కంటే అసలు సూదులకి కొంచెం ఎక్కువ మేలు కనిపించింది. కొంచెమే. 2014లో ఆస్ట్రేలియాలో 282 మంది మోకాలి నొప్పి రోగుల మీద చేసినదానిలో ఉత్తుత్తి వైద్యం కంటే లాభం కనిపించలేదు. అందుకే మార్గదర్శకాలు కూడా చీలిపోయాయి. అమెరికా రుమటాలజీ సంఘం 2019లో మోకాలి అరుగుదలకి షరతులతో ఒప్పుకుంది, బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో వద్దంది.

ఉత్తుత్తి సూది అంటే ఏమిటనుకుంటారేమో. నాటకాల్లో పొడిస్తే పిడిలోకి దూరిపోయే కత్తి ఉంటుంది కదా, అలాంటిది. మొన లేకుండా చర్మానికి తగిలి పిడిలోకి జరుగుతుంది. రోగికి గుచ్చినట్టే ఉంటుంది. 1998లో జర్మనీ డాక్టర్లు దాన్ని లాన్సెట్ వైద్య పత్రికలో వివరించాక ఈ పరీక్షలు నిక్కచ్చిగా చేయడం తేలికైంది. మాక్సాకి అలాంటి నకిలీ చేయడం కష్టం. పొగ, వాసన, వెచ్చదనం ఉంటే అసలుదని రోగికి తెలిసిపోతుంది, లేకపోతే నకిలీదని తెలిసిపోతుంది. మాక్సా మీద వచ్చిన ఫలితాలని నేను సూదుల ఫలితాల కంటే ఎక్కువ జాగ్రత్తగా చదవడానికి కారణం అదే.

కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే తల్లి కాలి చిటికెన వేలి గోరు పక్కన మాక్సా పెడితే తిరుగుతుందని 1998లో చైనాలో 260 మంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం బాగా పేరు తెచ్చుకుంది. 35వ వారానికి మాక్సా పెట్టినవారిలో 75.4 శాతం, పెట్టనివారిలో 47.7 శాతం బిడ్డలు తలకిందికి తిరిగారు. అదే పరిశోధకుడు ఇటలీలో మళ్లీ చేస్తే 123 మంది దగ్గరే ఆపాల్సి వచ్చింది, 2005లో ప్రచురించిన లెక్కల్లో 34 శాతం, 36 శాతం, తేడా ఏమీ లేదు. ఇది చదివే గర్భిణులెవరైనా ఉంటే, స్కానింగ్ చేసిన డాక్టర్ని అడగకుండా దీని జోలికి వెళ్లకండి.

షుగర్ వల్ల వచ్చే నరాల మంటలకైతే ఆధారం పలచన. నరాల నొప్పులకి ఆక్యుపంక్చర్ మీద, వైద్య అధ్యయనాలని జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2017లో సమీక్ష చేస్తే పనికొచ్చినవి ఆరు అధ్యయనాలే దొరికాయి, అన్నీ కలిపి 462 మంది. మేలని గానీ కాదని గానీ తేల్చలేకపోయారు. దెబ్బతిన్న నరాలు తిరిగి మొలుస్తాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

డబ్ల్యూహెచ్‌ఓ పేరుతో తిరిగే జాబితా 2003 నాటిది. 1998-99 వరకు వచ్చిన పేపర్లని ఏరి కూర్చింది. అప్పటికే 1998లో ఒక బ్రిటిష్ బృందం లెక్క చూస్తే చైనా నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ అధ్యయనాలు ఒక్కటి కూడా పోకుండా అన్నీ ‘పనిచేసింది’ అనే చెప్పాయి. ఏ వైద్యానికైనా అలా రావడం మామూలు విషయం కాదు. కాబట్టి జాబితాలో జబ్బు పేరుందంటే దాన్ని అధ్యయనం చేశారని అర్థం, నయమవుతుందని కాదు.

ఎన్ని సిట్టింగులు అంటారా? అధ్యయనాల్లో సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు. మీకు ఎనిమిది అయ్యాయి. మోకాలికి తేలికగా ఉండి, ఆ కారణంగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు తగ్గితే నాకు అభ్యంతరం లేదు, ఈ వయసు షుగర్ కిడ్నీకి అది మేలే. మరో రెండు మూడింటిలో ఇంకేమీ పెరగకపోతే అక్కడితో ఆపి, తొడ ముందు కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోవడం మంచిది. అదీ ఈ గాయం మానాకే. అప్పటిదాకా సిట్టింగులు వద్దు.

తర్వాత మళ్లీ వెళ్తే కొన్ని అడిగి తీరండి. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి. స్పిరిట్‌లో ముంచి మళ్లీ వాడే సూదులైతే లేచి వచ్చేయండి, హెపటైటిస్ బి అలాగే అంటుకుంటుంది. మోకాలి కింద నుంచి, ముఖ్యంగా పాదంలో, సూది వద్దని ముందే చెప్పండి. భుజం మీదా, ఛాతీ మీదా లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు, అరుదే గానీ ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది. గ్లిమిపిరైడ్ వేసుకుని ఏమీ తినకుండా వెళ్లి పడుకుంటే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అది సూది ప్రభావమనుకుంటారు. రక్తం పలచబడే మాత్రలుంటే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి కరెంటు సూదులు వద్దు.

గాబాపెంటిన్ ఒక్కసారిగా ఆపకండి. ఆపాలంటే కనీసం ఒక వారం పట్టేలా మోతాదు తగ్గించుకుంటూ రావాలి, అదీ రాసిన డాక్టర్ చెప్పాకే. క్రియాటినిన్ ఎక్కువుంటే మోతాదు ఎటూ మార్చాలి, అందుకే ఆ పరీక్ష ఇప్పుడే చేయించమన్నాను. నేను పాదం చూడకుండా రాస్తున్నాను కాబట్టి చూసిన డాక్టర్ మాటే మీకు ఆఖరి మాట. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులన్నీ, ఇంట్లో చూసుకున్న షుగర్ రీడింగులు, ఆ మాక్సా కడ్డీ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి. మిగిలిన కడ్డీలు పారేసేముందు ఇసుకలో గుచ్చి పూర్తిగా ఆరాయో లేదో చూడండి, పైన బూడిద కట్టినా లోపల రాజుకుంటూనే ఉంటాయి.