చెరువుల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

"బీఎస్సీ అయింది, చెరువులు, భూగర్భజలాల మీద రీసెర్చ్ చేయాలనుంది, ఇంట్లోవాళ్లేమో ఎమ్మెస్సీ చేసి ఉద్యోగం చూసుకోమంటున్నారు" అని రాశారు. చేయొచ్చండీ, కానీ అప్లికేషన్ పెట్టే ముందు ఓ ఆరు నెలలు ఎవరి ప్రాజెక్టులోనైనా ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేరండి.

మాది అనంతపురం. బెంగళూరు వచ్చి ఇక్కడి ఒక చెరువు మీద పనిచేశాను. మొదటి మూడు నెలలు పదకొండింటికి వెళ్లి నీళ్లు పట్టేదాన్ని, ఆక్సిజన్ బాగానే చూపించేది, చెరువు బాగుందనే రాసుకున్నాను. చేపలు పట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు, కోలారు వైపు మనిషి, తెలుగే మాట్లాడతాడు. "ఎండెక్కినాక వస్తే ఏం తెలుస్తాదమ్మా, తెల్లారకముందు రా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉంటాయి" అన్నాడు. మర్నాడు ఐదున్నరకే వెళ్లాను. గాలి బుడగ లేకుండా సీసా నింపి మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆ రోజు తెల్లగా దిగింది, అంటే నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. మురుగునీళ్లకు బలిసిన నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు, బ్యాక్టీరియా కలిసి ఉన్నదంతా లాగేసుకుంటాయి. మూడు నెలల లెక్కలు పక్కన పెట్టేశాను, ఏడుపొచ్చింది, కానీ నా థీసిస్ ప్రశ్న దొరికింది అక్కడే.

ఇక ఎక్కడ అంటే, బెంగళూరులోనే ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్, జక్కూరు దగ్గర ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ, రెండు చోట్లా పీహెచ్‌డీ ఉంది. గేట్ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ వేరే ఉంది, చూడండి. అయితే సంస్థ పేరు చూసి కాదు, గైడ్‌ని చూసి వెళ్లండి. ఆయన దగ్గర ఇప్పుడున్న స్టూడెంట్లకు ఫోన్ చేసి, మనం రాసిచ్చింది ఎన్నాళ్లకు చదివి తిరిగిస్తారు, ఫీల్డ్‌కి వెళ్లే ఖర్చు ముందు ఎవరు పెట్టుకోవాలి అని మొహమాటం లేకుండా అడగండి. డబ్బు విషయం ఇంట్లో ముందే చెప్పండి, 2023 నుంచి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం వేరే, కానీ నెలనెలా పడుతుందనుకోవద్దు. నాకు ఒకసారి నాలుగు నెలలు రాకపోతే అక్క దగ్గర తీసుకుని అద్దె కట్టాను.

చేరేదేదో వానలు మొదలవకముందే చేరండి, ఒక వానాకాలం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. చెరువులా, బోరు నీళ్లా, మీకు ఏది ముందో తేల్చుకుని కింద రాయండి, ఎలాంటివాళ్లకు మెయిల్ పెట్టాలో, అందులో ఏం రాయాలో చెప్తాను.