సూర్యలంకలో వదిలిన తాబేలు పిల్లలు వెనక్కి ఎందుకొస్తున్నాయంటే

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు పిల్లల్ని రాత్రిపూట నీళ్లలో వదిలితే, అవి మళ్లీ రిసార్టుల వైపే పాకాయని, ఎందుకని గుంటూరు నుంచి ఒకరు అడిగారు. లైట్ల వల్లే అయి ఉంటుంది. రాత్రిపూట వాటికి ఎటు వెలుతురు ఎక్కువుంటే అటే సముద్రం.

1. ఫోన్ ఫ్లాష్‌లు, కారు హెడ్‌లైట్లు ఆపేయండి. బీచ్ వైపు లైట్లు కాసేపు ఆర్పమని రిసార్టు వాళ్లనూ అడగండి. తప్పదంటే టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: నేరుగా నీళ్లలో వేయకూడదు. అలలకు కాస్త ఇవతల తడి ఇసుక మీద పెట్టి, వాటంతట అవే పాకనివ్వండి. అలా వెళ్తేనే వాటికి దిశ కుదురుతుంది. దారిలో బండి చక్రాల గాడి ఉంటే చెప్పుతో చదును చేయండి, అరచేతిలో పట్టే ప్రాణికి అది పెద్ద కాలువే. నీళ్ల బకెట్‌లో మాత్రం ఉంచొద్దు. ఆగకుండా ఈదుతూ, లోతుకు చేరడానికి కావాల్సిన శక్తంతా అక్కడే అయిపోగొట్టుకుంటాయి. అడుగున తడి ఇసుక వేస్తే చాలు.

3. గుడ్లు కనిపిస్తే కదపకుండా అటవీ శాఖకు చెప్పండి.

ఇంట్లో పిల్లలు ఎంత మారాం చేసినా ఒక్కదాన్ని కూడా గుంటూరు తీసుకురావద్దు. ఆలివ్ రిడ్లేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి, కేసవుతుంది.