తోటమాలికి అడ్వాన్సు, ఇంటికి అప్పు

ప్రశ్న: తిరుచానూరు రోడ్డు వైపు 90 అంకణాల స్థలంలో ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. చుట్టూ 30 అంకణాలకు పైగా ఖాళీ ఉంది. అందులో పచ్చిక, 24 కుండీలు, మల్లె పందిరి, నాలుగు పండ్ల మొక్కలు పెట్టి సంక్రాంతిలోగా తోటను ఒక రూపానికి తేవాలని మా కోరిక. ఇంతవరకు ఇద్దరు తోటమాలులు చెప్పకుండా మానేశారు. ఇప్పుడు దొరికిన అతను వారానికి మూడు ఉదయాలు వస్తానని, నెలకు 6,000 రూపాయల జీతం, ముందుగా 40,000 అడ్వాన్సు కావాలని అడుగుతున్నాడు. అడ్వాన్సును నెలకు 2,000 చొప్పున జీతంలో పట్టుకోమంటున్నాడు. బాకీ తీరేదాకా వేరే ఇంటికి పనికి వెళ్లనని ప్రోనోటు రాసిస్తానంటున్నాడు. నా గాజులు రెండు రూపాయల వడ్డీకి కుదువ పెట్టి ఆ సొమ్ము ఇచ్చి, తోట వేయడానికి 1,50,000 వ్యక్తిగత రుణం తీసుకోవాలనుకుంటున్నాం. బ్యాంకు వారు 15 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అన్నారు. లేకపోతే చీటీ పాడుకోమంటారా? మావారు శ్రీసిటీలో కాంట్రాక్టు ఉద్యోగి, చేతికి 62,000 వస్తుంది. నాకు ట్యూషన్ల మీద 14,000. ఇంటి రుణం వాయిదా 28,500, రెండున్నర లక్షల చీటీకి నెలకు 10,000 (25 నెలల్లో ఇంకా 11 మిగిలాయి), పిల్లల ఫీజులు సగటున 7,000, ఇంటి ఖర్చు 18,000. బ్యాంకులో 42,000 ఉన్నాయి.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కుండీల లెక్క ముందే వచ్చింది, బ్యాంకు నిల్వ అన్నిటికన్నా చివర వచ్చింది. నేను మాత్రం చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. తోటమాలి అయినా, వంటమనిషి అయినా, డ్రైవరు అయినా, మనిషి నిలవడం లేదు కాబట్టి పెద్ద అడ్వాన్సు ఇచ్చి కట్టిపడేద్దామని, ఆ అడ్వాన్సును కూడా అప్పు తెచ్చి ఇద్దామని రాసేవారు నాకు తరచూ తగులుతుంటారు. మీ ఒక్కరికే అయితే విడిగా జవాబు రాసేవాడిని.

మీ ఇంట్లో తప్పనిసరి ఖర్చు నెలకు 63,500. బ్యాంకులో ఉన్న 42,000 దాదాపు ఇరవై రోజులకు వస్తుంది. మీవారిది కాంట్రాక్టు ఉద్యోగం, అంటే పునరుద్ధరణ కాగితం ఒక నెల ఆలస్యమైతే ఇరవై ఒకటో రోజున మీరు ఎవరినో చేయి చాచి అడగాలి. ఇలాంటి ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 3,81,000 రూపాయలు, ఎవరూ ముట్టుకోని అత్యవసర నిధిగా ఉండాలి. మీరు దాన్ని మొదలే పెట్టకుండా పచ్చిక గురించి అడుగుతున్నారు.

ఇప్పుడు మీరు అనుకుంటున్న అప్పులు వేసి చూద్దాం. లక్షన్నర రూపాయల రుణానికి నెల వాయిదా సుమారు 5,200 అవుతుంది, మూడేళ్లకు మీరు కట్టేది 1,87,000 దాటుతుంది. తోటమాలి జీతం 6,000, కుదువ పెట్టిన గాజుల మీద వడ్డీ నెలకు 800. జీతంలో పట్టుకునే 2,000 మిగులు కాదు, దాన్ని పక్కన పెడితేనే కదా గాజులు విడిపించగలిగేది. మొత్తం కలిపి 12,000. మీ మిగులు 12,500 కనుక, రెండు ఆదాయాలూ ఠంచనుగా వచ్చే నెలలో ఈ ఇంటికి మిగిలేది ఐదు వందలు. వేసవి సెలవుల్లో ట్యూషన్లు తగ్గితే అదీ ఉండదు. పచ్చిక ఒకసారి పరిచాక ఏప్రిల్, మే నెలల్లో మన తిరుపతి ఎండకు దాన్ని బతికించడానికి ట్యాంకరు నీళ్లు కొనవలసి వస్తుంది, ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు. ఇరవై నెలలు గాజులు తాకట్టులో ఉంటే వడ్డీయే 16,000. ఆ డబ్బు మీకూ దక్కదు, ఆ పనివాడికీ దక్కదు. రెండు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అంటాం గాని అది ఏడాదికి 24 శాతం, ఏ తోటా అంత కాయదు.

ప్రోనోటు మాట ఇంకా ఇబ్బందికరమైనది. అవసరానికి పనివాడికి కొంత సొమ్ము ముందుగా ఇవ్వడం తప్పు కాదు, మనమందరం పండక్కో పెళ్లికో ఇస్తూనే ఉంటాం. కానీ బాకీ తీరేదాకా వేరే చోట పనికి పోకూడదని కట్టేయడం వేరు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం ఆపదలచింది సరిగ్గా ఇలాంటి కట్టునే. అతనే స్వయంగా రాసిస్తానన్నాడు కదా అంటారేమో, అవసరంలో ఉన్న మనిషి ఏదైనా రాసిస్తాడు. పైగా వారంలో మూడు ఉదయాలకు 6,000 ఇచ్చి, మిగిలిన నాలుగు రోజులు ఇంకెక్కడా చేయవద్దంటే అతని ఇల్లు ఎలా గడుస్తుంది? అది గడవని రోజున అతను మానేస్తాడు, మీ చేతిలో కాగితం మాత్రం మిగులుతుంది.

తోటమాలులు ఎందుకు మానేస్తారో నాకు తెలిసినంతలో చెబుతాను. చాలా ఇళ్లలో చేయి బిగుసుకున్న నెలలో ముందుగా ఆగేది వాళ్ల జీతమే. పాలవాడికి ఇస్తాం, కరెంటు బిల్లు కడతాం, తోటమాలిని మాత్రం వచ్చే వారం చూద్దాం అంటాం. రెండు నెలలు అలా జరిగితే నికరంగా ఇచ్చే మరో ఇంటికి అతను వెళ్లిపోతాడు, చెప్పకుండానే వెళ్తాడు, ఎందుకంటే చెబితే బాకీ రాదని అతని భయం. మా ఇంటికి వచ్చే పెద్దాయనకు నేను ఇచ్చేది గొప్ప జీతం కాదు, కాకపోతే ఒకటో తారీఖు దాటనివ్వను. ఆయన ఆరేళ్లుగా మంగళ, శనివారాల్లో వాన పడుతున్నా గొడుగు వేసుకుని వస్తున్నారు. కాబట్టి నమ్మకమైన తోటమాలి కావాలంటే ముందు నమ్మకంగా జీతమిచ్చే ఇల్లు కావాలి, అది అత్యవసర నిధి ఉన్న ఇంటికే సాధ్యం. మీ ఇంటికి ఐదు వందల మిగులుతో అది సాధ్యం కాదు.

మనిషిని ఎంచుకోవడానికి అడ్వాన్సు కంటే మంచి దారులున్నాయి. అతను కనీసం ఒక వేసవి దాటి పనిచేసిన ఇల్లు ఏదో కనుక్కుని వెళ్లి, మే నెలలో మీరు ఊళ్లో లేనప్పుడు మొక్కలకు నీళ్లు అందాయా అని ఆ ఇంటావిడను అడగండి. తర్వాత అతన్నే, గుండుమల్లెను ఎప్పుడు కత్తిరిస్తావని అడగండి. ‘ఎప్పుడంటే అప్పుడు కత్తిరిస్తా మేడమ్’ అంటే పని తెలియదని అర్థం. తెలిసినవాడు, చలికాలంలో కొన్నాళ్లు నీళ్లు కట్టేసి, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, పాదు తవ్వి పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు వదలాలని చెబుతాడు. శివరాత్రి దాటాక మొగ్గ ఎందుకు కడుతుందో కూడా అతనే చెబుతాడు. నీళ్లు పెట్టేటప్పుడు కాసేపు గమనించండి. పైపు మొక్క మొదట్లో పడేసి ఫోను చూసుకునేవాడు ఒకడుంటాడు, పాదు గట్టు తెగిందేమోనని వంగి చూసి చేత్తో మట్టి ఎగదోసేవాడు ఇంకొకడుంటాడు. రెండోవాడికి రోజుకు వంద ఎక్కువైనా ఇవ్వండి. ఆధార్ నకలు, ఇంటి చిరునామా తీసుకోవడం ఎలాగూ చేస్తారు.

ఇక మీరు చేయవలసినది. ఈ మనిషి పని మీకు నచ్చితే వారానికి ఒక్క ఉదయం రమ్మనండి. ఒక్క రోజు పనికి కాస్త ఎక్కువ అడుగుతాడు, 600 అనుకున్నా నెలకు 2,400 అవుతుంది. మిగిలిన రోజులు అతను ఎక్కడ పనిచేసుకున్నా మీకు నష్టం లేదు. అప్పుడు మీ మిగులులో 10,000 ప్రతి నెలా అత్యవసర నిధికి వెళ్తుంది. పదకొండు నెలల్లో లక్షా పదివేలు, ఇప్పుడున్న 42,000తో కలిపి 1,52,000 అవుతుంది. చీటీని ఇప్పుడు పాడుకుని సొమ్ము వదులుకోవద్దు, చివరిదాకా ఉంచండి, కమిషన్ పోయినా 2,30,000 దాటి చేతికొస్తుంది. రెండూ కలిస్తే 3,82,000. అప్పటికి చీటీ వాయిదా ఉండదు కనుక మీ నెల ఖర్చు 53,500కు దిగుతుంది, ఆరు నెలలకు 3,21,000 చాలు. మిగిలే 61,000 మీ తోటది, దానికి ఎవరికీ వడ్డీ కట్టనక్కరలేదు. ఆ నిధి సేవింగ్స్ ఖాతాలో కొంత, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కొంత ఉంటే చాలు. కొద్దికాలానికి డబ్బు దాచుకునే మ్యూచువల్ ఫండ్, అంటే లిక్విడ్ ఫండ్ అన్నా నాకు అభ్యంతరం లేదు, చేతికి రెండు రోజుల్లో అందితే సరి. తోటకు మిగిలే ఆ 61,000 చేతికి వచ్చేది వచ్చే అక్టోబరులో, మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు వచ్చే వేళకు. నాలుగు నెలలు ట్యాంకరు మాట లేకుండా మొక్కలు వేరు పట్టుకుంటాయి. పచ్చిక తగ్గించి నిమ్మ, కరివేపాకు, కనకాంబరం పెంచుకుంటే నీళ్ల ఖర్చు కూడా తగ్గుతుంది.

బీమా గురించి రెండు మాటలు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా కుటుంబ పాలసీ ఒకటి ఉండాలి. తోటమాలిని కొబ్బరిచెట్టు ఎక్కించకండి, దానికి విడిగా మనుషులున్నారు. అతనికి బ్యాంకు ఖాతా ఉంటే, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాడైతే, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. ఏడాదికి 20 రూపాయలకు ప్రమాదంలో మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షల రక్షణ ఉంటుంది. ఆ ఇరవై రూపాయలు మీరే కట్టండి.

అతనికి నిజంగానే డబ్బు ఇబ్బంది ఉంటే, మొదటి నెల పని చూశాక ఒక నెల జీతం, అంటే 2,400, ముందుగా ఇచ్చి నెలకు 400 చొప్పున ఆరు నెలల్లో తగ్గించుకోండి. తిరిగి రాకపోయినా మీకు నిద్ర పట్టే మొత్తం అది. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఆ 1,50,000 రుణానికి బ్యాంకు వారు మళ్లీ ఫోను చేస్తే వద్దని ఒక్క ముక్కలో చెప్పండి. ఇంట్లో ఇప్పటికే మల్లె మొక్క ఉంటే, డిసెంబరులో దానికి కత్తిరింపు మాత్రం వాయిదా వేయకండి.