కొత్తవాళ్ల ప్రశ్నలు రాసిపెట్టుకో

అమ్మాయీ,

వచ్చే నెల నీ సాఫ్ట్‌వేర్ టీమ్‌లోకి ముగ్గురు కొత్తవాళ్లు వస్తున్నారన్నావు. వాళ్లకి పని ఎలా నేర్పాలో నీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల నుంచి నువ్వు తీసుకోవాల్సినది ఒకటుంది, దాని గురించే ఈ ఉత్తరం.

మీ పద్ధతుల్లో ఏది కాలం చెల్లిందో పాతవాళ్లకి కనబడదు, అలవాటైపోయింది. కొత్తవాళ్లకైనా మొదటి రెండు మూడు వారాలే కనబడుతుంది. ఆ తర్వాత వాళ్లూ అందరిలాగే చేసుకుపోతారు. అందుకే మొదటి రోజే ఒక షీటు ఇవ్వు. నాలుగు గడులు చాలు: ఏం చేయమన్నారు, ఎందుకని చెప్పారు, ఎవరు చెప్పారు, ఎంతసేపు పట్టింది. అప్పుడే సలహాలు అడగకు. అడిగితే తమ పాత ఆఫీసులో ఎలా చేసేవారో చెబుతారు, ఇక్కడివాళ్లు ముఖం మాడ్చుకుంటారు. పాతవాళ్లకి కూడా ఒక మాట చెప్పి ఉంచు: కారణం తెలియకపోతే “తెలీదు, కనుక్కుని చెబుతా” అనాలి.

“ఎప్పట్నుంచో ఇంతే” అన్న జవాబు ఎక్కడ కనబడితే అక్కడ ఆగి చూడు. కారణం ఎవరికీ గుర్తులేనంత మాత్రాన కారణం లేదని కాదు. అది స్క్రిప్టులో ఉన్న పద్ధతైతే గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) నడుపు. ఆ లైను ఏ కమిట్‌లో, అంటే భద్రపరిచిన ఏ మార్పులో వచ్చిందో, దాని మెసేజ్‌లో ఏ టికెట్ (ఆ పని నమోదు) నంబరుందో చూడు. మధ్యలో ఎవరో ఫార్మాటింగ్ మార్చి ఉంటే బ్లేమ్ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు దానికి ముందున్న కమిట్ నుంచి మళ్లీ నడపాలి.

కారణం దొరికాక, అది ఇంకా మిగిలుందా అన్నదే అసలు ప్రశ్న. కోడ్‌లో లైనుకి 80 అక్షరాలు మించకూడదన్న నియమం పాత టెర్మినళ్ల వెడల్పుని బట్టి నిలిచింది. లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన కోడ్‌లో) లైను పొడవైతే వచ్చే హెచ్చరికని 2020లో 100 అక్షరాలకి జరిపారు. గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించడాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వద్దంది. అలా బలవంతం చేస్తే జనం చివరి అంకె ఒక్కటే మార్చి ఊరుకుంటారు. స్టాండప్‌లో, అంటే రోజూ పెట్టే చిన్న మీటింగ్‌లో, అందరూ వరసగా జవాబు చెప్పే ఆ మూడు ప్రశ్నలు (నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డేమైనా ఉందా) 2020 స్క్రమ్ గైడ్‌లో (స్క్రమ్ అనే ఆ పని పద్ధతికి మూల పత్రంలో) లేనే లేవు.

కొన్ని పద్ధతులు తప్పని కాదు, మనుషులు పెరిగితే సరిపోవు. ఐదుగురిలో ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10. ఎనిమిది మందైతే 28. “పక్క సీటుకి చెబితే చాలు” అన్న పద్ధతి ఇక్కడే తెగిపోతుంది. నీ టీమ్‌లో ముందుగా దీన్నే చూడమంటాను.

ఆపాలనుకున్నవి ఒకేసారి ఆపకు. ఒక్కదాన్నే తీసుకుని నాలుగు వారాలు ఆపి చూడు. ఏం కొలుస్తారో, ఏం జరిగితే వెనక్కి తెస్తారో, అది ఎవరి బాధ్యతో ముందే రాయి. ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బతింటారు. రోజూ వెళ్లే స్టేటస్ మెయిల్ ఆపాక నెలంతా ఎవరూ అడగరు, మూడు నెలల లెక్కలప్పుడు మాత్రం క్లయింట్ వైపు ఒకరికి అందులోని అంకెలే కావాల్సి వస్తాయి. కాబట్టి మెయిల్ అందుకునేవాళ్లకి ముందే తెలియజేయి, ఒక త్రైమాసికం ముగిసేదాకా పూర్తిగా తీసేయకు. ఇద్దరి ఆమోదం, ఆడిట్ రికార్డు లాంటివాటిని అసలు ప్రయోగానికి పెట్టకు. ముందు కాంట్రాక్టు చదువు.

ఆ పద్ధతి పెట్టిన మనిషి ఇంకా టీమ్‌లోనే ఉంటే మీటింగ్ కన్నా ముందే విడిగా కలువు. అది ఏ ఇబ్బందిని ఆపడానికి పుట్టిందో ఆయన నోటే చెప్పించు. నలుగురిలో హఠాత్తుగా అడిగితే పద్ధతిని కాదు, తన పరువుని కాపాడుకుంటాడు.

ఉంచినా తీసేసినా, అడిగిన కొత్తమనిషికి వారంలోపు జవాబు చెప్పు. జవాబు రాని ప్రశ్న రెండోసారి రాదు. ఉంచితే కారణం, తేదీ ఒక్క లైనులో రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైలులో) పెట్టు. తీసేస్తే చెక్‌లిస్టు, స్క్రిప్టు, క్యాలెండర్ ఆహ్వానం మూడింట్లోనూ తీసేయి. ఒక్కచోట మిగిలినా తర్వాత చేరినవాళ్లు చదివి మళ్లీ మొదలుపెడతారు.

ఆశీస్సులతో,
మీ బాబాయి