కార్డు వెనక తెల్ల పట్టీ మీద సంతకం ఎందుకు?

ఒడిశాలోని గుణుపురం నుంచి చదువుకోడానికి అమెరికా వచ్చిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మన బరంపురంలో ఎవరూ కార్డు వెనక సంతకం పెట్టరు, పిన్ కొడితే పనైపోతుంది. ఇక్కడెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. మన దేశంలో 2013 డిసెంబరు నుంచి దుకాణంలో డెబిట్ కార్డు వాడితే పిన్ కొట్టాలన్న నియమం వచ్చింది (ఇప్పుడు చిన్న మొత్తాలకి కార్డు తాకిస్తే పిన్ అక్కర్లేదు). అప్పట్నుంచి సంతకం ఊసే మర్చిపోయాం. అమెరికాలో క్రెడిట్ కార్డుకి మామూలుగా పిన్ అడగరు. మీరు పారేసుకున్న కార్డు ఎవరికి దొరికితే వాళ్లు వాడేయొచ్చు.

దుకాణంవాడు బిల్లు మీది సంతకాన్ని కార్డు వెనకదానితో పోల్చి చూడాలన్నది పాత పద్ధతి. పట్టీ ఖాళీగా ఉంటే దొంగకి మీ సంతకం నేర్చుకునే శ్రమ కూడా లేదు. తన చేత్తోనే కార్డు మీద ఒకటి గీకుతాడు, బిల్లు మీద అదే గీకుతాడు. రెండూ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి!

2018 ఏప్రిల్ నుంచి వీసా, మాస్టర్‌కార్డ్‌లాంటి సంస్థలు ఇక్కడ బిల్లు మీద సంతకం తీసుకోవడాన్ని దుకాణదారు ఇష్టానికి వదిలేశాయి. కొన్ని కొత్త కార్డులకు పట్టీయే లేదు, వాటికి టెన్షన్ అక్కర్లేదు. పట్టీ ఉంటే మాత్రం కవరు చింపగానే సంతకం పెట్టేయండి. సంతకం లేకపోతే కార్డు చెల్లదని దాని మీదే సన్నటి అక్షరాలతో రాసి ఉండొచ్చు. దాన్ని చూపించి కార్డు వెనక్కిచ్చే గుమాస్తా ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు.

సంతకానికి బదులు "సీ ఐడీ" (గుర్తింపు కార్డు అడిగి చూడండి) అని రాయమని సీనియర్లు చెబుతారు. వినకండి, అది సంతకం కింద లెక్కకి రాదు. పర్లాకిమిడి వైపు ఒడియా బడిలో చదివినవాళ్లు ఒడియాలోనే పెట్టొచ్చు. పోల్చేది ఆకారాన్నే. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంటే చాలు. జెల్ పెన్ వేలికి అంటుకుంటుంది, చెరగని సన్న మార్కర్ వాడండి.

సంతకం ఇంకా బతికున్న చోటు రెస్టారెంటు. కార్డు లోపలికి తీసుకెళ్లి బిల్లుతో తెచ్చిస్తారు. టిప్పు, మొత్తం రెండూ మీ చేత్తోనే రాసి సంతకం పెట్టండి, గడి ఖాళీగా వదలొద్దు. అక్కడ డెబిట్ కార్డు ఇవ్వకపోవడమే మంచిదంటాను. పోయిన క్రెడిట్ కార్డుని ఎవరైనా వాడుకుంటే చట్టప్రకారం మీ మీద పడేది 50 డాలర్లకు మించదు. డెబిట్ కార్డు పోయిందని తెలిశాక రెండు పనిదినాల్లో చెప్పకపోతే అది 500 దాకా వెళ్తుంది. స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోపు కూడా చెప్పకపోతే ఆ తర్వాత పోయేదంతా మీదే. బ్యాంకు నంబరు కార్డు వెనకే ఉంటుంది, కార్డుతోపాటే పోతుంది. ముందే ఫోన్లో ఎక్కించుకోండి.

ఇంకో మాట. ఇండియా కార్డు కవరు మీద పిన్ రాసి, అమ్మ బీరువాలో పెట్టి విమానం ఎక్కేవాళ్లు మనలో చాలామంది. మీ పేరున్న కార్డు ఇంట్లోవాళ్లయినా వాడకూడదు. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మ పేరుతోనే ఒక ఖాతా తెరిపించి, కార్డు వెనక ఆవిడ చేతే సంతకం పెట్టించండి.