రాత్రికి రాత్రే తీసేయొచ్చా?

ప్రశ్న: పక్క దేశంతో టెన్షన్ నడుస్తున్నప్పుడు కూడా విదేశాంగ కార్యదర్శి అంతటి అధికారిని ఉన్నట్టుండి తీసేయొచ్చా?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: తీసేయొచ్చండీ, మన దగ్గరే జరిగింది. 1987 జనవరిలో, మన సైన్యం జరిపిన ‘బ్రాస్‌టాక్స్’ అనే యుద్ధ విన్యాసాల పుణ్యమా అని భారత్, పాకిస్తాన్ సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డ రోజుల్లో, ఢిల్లీ ప్రెస్‌మీట్‌లో ఓ పాకిస్తానీ విలేఖరి అడిగినదానికి జవాబిస్తూ రాజీవ్ గాంధీ, త్వరలో కొత్త కార్యదర్శి వస్తారని అనేశారు. అప్పటి కార్యదర్శి ఎ.పి.వెంకటేశ్వరన్ అదే హాల్లో ఉన్నారు! వెంటనే రాజీనామా చేశారు. తీసేసే హక్కు ప్రధానికి ఉంది, కాదనను, కానీ అందరి ముందూ అలా చెప్పడం నాకైతే అస్సలు నచ్చలేదు.

2015 జనవరి 28న అప్పటి విదేశాంగ కార్యదర్శి సుజాతా సింగ్‌ను కూడా, ఇంకా ఆరు నెలలకు పైగా గడువుండగానే, ఒబామా పర్యటన ముగిసిన మర్నాడే తప్పించి, రిటైర్మెంట్ అంచున ఉన్న జైశంకర్‌ను తెచ్చారు.

రూల్ సంగతంటారా, ఉద్యోగం నుంచే డిస్మిస్ చేయాలంటే రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం మామూలుగా ఆరోపణలు చెప్పి విచారణ జరపాలి. కుర్చీ మార్చడానికి అంత తతంగం అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.