రెండో భాగం ఎప్పుడని అడిగేవాళ్ల గురించి

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. నవల వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, అప్పుడే రెండో భాగం ఎప్పుడని అడుగుతున్నారనీ, ఫోన్ మోగితే టెన్షన్‌గా ఉంటోందనీ రాశావు. పరకాల బస్టాండులో సంచి పట్టుకుని నిలబడ్డ పిల్ల దగ్గర పుస్తకం ఆపేశావు కదా, అడగక ఏం చేస్తారు?

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా వరసలో ఒక వారపత్రిక ఏడిళ్లు తిరిగేది. కొనేది ఒక్క ఇంటివాళ్లే. మా ఇంటికి వచ్చేసరికి ఐదో రోజు అయ్యేది, అట్ట నలిగిపోయి ఉండేది. సీరియల్ పేజీల మీద మాత్రం మరక పడనిచ్చేవాళ్లు కాదు. చివరి ఇంటినుంచి తిరిగొచ్చాక కొన్నామె ఆ పేజీలు విప్పి, దాచిపెట్టి, సీరియల్ అయిపోయిన రోజు దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. ఒక వారం ఎందుకో పత్రిక రాలేదు. నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి, ఆ వారం కథ మా అమ్మావాళ్లే చెప్పుకున్నారు. కథలో ఆమె మొగుణ్ని క్షమించదని ఒకామె. పిల్లల మొఖం చూసి క్షమిస్తుందని ఇంకొకామె. ఎప్పుడూ నోరు విప్పని మా పక్కింటి పిన్ని ఆ రోజు, "క్షమించినట్టు ఉంటది గానీ క్షమించదు" అంది. ఆ మాట నవలలో మనిషి గురించి కాదని నాకు పెళ్లయ్యాక గానీ అర్థం కాలేదు.

నీ పుస్తకం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నారంటే అక్కడ అలాంటిదేదో జరుగుతూ ఉంటుంది. అందుకే వాళ్ల ప్రశ్నను వేధింపు అనుకోవద్దు. అలాగని జవాబుగా ఒక తేదీ కూడా చెప్పొద్దు. చిత్తుప్రతి మొత్తం చేతిలో పడేదాకా "రాస్తున్నాను" అన్న ఒక్క మాట చాలు. తేదీ చెప్పి తప్పితే వాళ్లు బాధపడతారు. తప్పకూడదని పరుగెత్తితే పుస్తకం పాడవుతుంది. ఈ రెండోది నాకు జరిగింది.

నా రెండో భాగాన్ని నాలుగు నెలల్లో రాశాను. పుస్తకాల పండగకు స్టాలులో ఉండాల్సిందేనని ప్రచురణకర్త పట్టుబట్టాడు, నేనూ సరేనన్నాను. పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు మెట్‌పల్లి దగ్గర ఒక ఊరికి మీటింగుకు వెళ్తే, బీడీలు చుట్టే ఒకామె నా కోసం వచ్చింది. ఒళ్లో చాట పెట్టుకుని ఆమె ఆకు చుడుతుంటే బిడ్డ పక్కన కూర్చుని నవల చదివి వినిపిస్తుందట. రెండు భాగాలూ అట్లనే విన్నదట. "మొదటి బుక్కుల గా పెద్దమ్మ ఎక్కువ మాట్లాడకపోయేది గద మేడమ్, రెండో దాంట్ల గంత మాట్లాడుతదేంది?" అని అడిగింది.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మొదటి భాగం చదవనివాళ్లకు పాత కథ తెలియాలని, ఆ కథంతా పెద్దమ్మ నోట చెప్పించాను. మూడు వందల పేజీల్లో గట్టిగా పది మాటలు మాట్లాడని మనిషిని వసారాలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించాను. ఏ విమర్శకుడూ ఎత్తి చూపని తప్పు అది. అప్పటినుంచి ఆ బీడీలు చుట్టే ఆమెకు నేను బాకీ పడ్డాననే అనుకుంటాను.

కాబట్టి పాత కథను మనుషుల మాటల్లో పెట్టకు, వస్తువుల్లో పెట్టు. కాలిపోయిన గడ్డివాము చోట గడ్డి మొలవని నల్లమట్టి ఉందనుకో. తెలిసినవాడికి గుండె కలుక్కుమంటుంది, తెలియనివాడు ఏమై ఉంటుందా అని చూస్తాడు. ఇద్దరికీ ఒక్క వాక్యం సరిపోతుంది.

ఇంకొకటి, ఒక లెక్కల పుస్తకం పెట్టుకో. ఎవరికి ఎన్నేళ్లు, ఏ బావి ఎవరి వాటా, ఏ చేనులో పత్తి, ఏ చేనులో మక్క, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు. ముఖ్యంగా పిలుపులు. మొదటి భాగంలో "చిన్నాయినా" అన్న పిల్ల రెండో భాగంలో "బాబాయ్" అంటే చదివేవాడికి అక్కడే ఆ ఊరు చేజారిపోతుంది.

కథ ఎటు పోతుందో పాఠకులు ముందే ఊహించేస్తున్నారు, మార్చేయనా అని అడిగావు. మార్చకు. చేర్యాల పటాలు, అదే కథంతా బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డచుట్టలు, నువ్వు చూసే ఉంటావు. పద్మశాలీల ఊళ్లో, వాళ్లకు కథ చెప్పే కూనపులివాళ్లు పటం కట్టి మార్కండేయ పురాణం చెబుతారు. వినేవాళ్లలో ఆ కథ తెలియని పెద్దమనిషి ఉండడు. అయినా ఒక రాత్రి పటం చుట్టేస్తే, మర్నాడు విప్పే బొమ్మ కోసం మళ్లీ వచ్చి కూర్చుంటారు. ఏం జరుగుతుందో తెలిసినా, అది తమ కళ్లముందు జరగాలని వస్తారు. నీ పాఠకులు సరిగ్గా ఊహించారంటే నువ్వు చల్లిన విత్తనం మొలిచిందని అర్థం. వాళ్లను ఏమార్చడానికి మొలకను పీకేస్తావా?

అసలు రెండో భాగం రాయాలా వద్దా అన్నది మాత్రం నువ్వే తేల్చుకోవాలి. మన నవీన్ గారి 'అంపశయ్య' చూడు. 1969లో వచ్చింది. రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అంతే. తర్వాత 'ముళ్లపొదలు', 'అంతస్రవంతి' నవలల్లో రవి కథ ముందుకు సాగింది. అవి రాకపోయినా ఆ ఒక్క రోజు సంపూర్ణంగా నిలబడేది. ఆ పుస్తకం పేరే ఆయనకు ఇంటిపేరైంది. నీ పిల్లకు ఇంకో సంఘటన మిగిలి ఉందా, ఇంకో ప్రశ్న మిగిలి ఉందా? సంఘటనే అయితే ఆగిపో. ప్రశ్న ఉంటే రాయి.

నీకు చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది ఇంకొకటి ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మారు. తెలంగాణ బతుకును నవల వెంట నవలగా చెప్పుకురావాలనుకున్నారు. 'ప్రజల మనిషి' రాశారు. 1961లో పోయారు. 'గంగు' ఆయన పోయాకే అచ్చయింది. మిగిలిన కథను అందుకున్నది మన చిన్నగూడూరు మనిషి, దాశరథి రంగాచార్య గారు. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' అని వరసగా రాసుకుంటూ పోయారు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు మొదలుపెట్టడం మన నేల మీదే జరిగింది. నిన్ను రెండో భాగం అడిగేవాళ్లలో ఒకరిద్దరు తమకు తోచిన కథను నోటుబుక్కులో రాసుకుంటూ ఉండొచ్చు. ఎవరైనా తెచ్చి చూపిస్తే విసుక్కోకుండా చదువు.

దసరా సెలవుల్లో రా. రాసినంతవరకూ తీసుకురా, పిలుపులు నేను సరిచూస్తాను. ఆ పిల్ల బస్సెక్కిన పేజీ ఉంటే మాత్రం అది తీసి ఇంట్లో పెట్టి రా. పుస్తకం వచ్చాక అందరితో పాటే చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ